చెదలు తిన్న డిశ్చార్జి బుక్: ప్రాజెక్టు డైరీ

జూన్ 2025, మొదటి వారం

మా తాత 1963లో సైన్యంలో చేరాడు. చైనా యుద్ధం అయిపోయిన మరుసటి ఏడాది, మా గిద్దలూరు వైపు ఊళ్లలోంచి కుర్రాళ్లను ఎక్కువగా తీసుకున్న రోజులవి. 1973లో ఇంటికొచ్చేశాడు. పదేళ్ల సర్వీసు, కాబట్టి పెన్షన్ లేదు. 2009లో పోయాడు. "పెన్షనే లేనోళ్లకి ఇంకేమొస్తాది" అని ఇంట్లో ఆ సంగతి ఎప్పుడో వదిలేశారు.

మొన్న ఒక పెళ్లిలో హవల్దార్ బాబాయ్ కలిశాడు. ఆర్టిలరీలో చేసి రిటైరయ్యాడు, మాకు వరసకు బాబాయ్. అవ్వ సంగతి అడిగి, "పెన్యూరీ గ్రాంట్‌కి పెట్టారా?" అన్నాడు. అదేంటో మాకెవరికీ తెలీదు. పెన్షన్ లేని మాజీ సైనికుడికి, ఆయన పోతే భార్యకు నెలనెలా ఇచ్చే సాయం అది. హవల్దార్, అంతకన్నా కింది ర్యాంకుల వాళ్లకే. వయసు 65 దాటి ఉండాలి. కేంద్రీయ సైనిక్ బోర్డు ఇస్తుంది, డబ్బు సాయుధ దళాల పతాక దినోత్సవ నిధి నుంచి వస్తుంది. చిన్నప్పుడు డిసెంబరు 7న స్కూల్లో రూపాయి తీసుకుని చొక్కాకు చిన్న జెండా గుచ్చేవారు గుర్తుందా, అదే నిధి. అప్పటికి నెలకు 4,000 రూపాయలు.

అవ్వకు 78 ఏళ్లు. పెన్షన్ లేకపోవడమే ఇక్కడ అర్హత అన్నమాట. ఇన్నేళ్లూ మేం దాన్ని తిరగేసి చూశాం.

పని వరస బాబాయే చెప్పాడు. ముందు డిశ్చార్జి బుక్, అంటే సైన్యం నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చే సర్వీసు వివరాల పుస్తకం. దాంతో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో మాజీ సైనికుడి భార్యగా గుర్తింపు కార్డు. కార్డుతో గ్రాంటు దరఖాస్తు. "బుక్ ఉంటే నెల పని. లేకపోతే మాత్రం ఓపిక పట్టాల" అన్నాడు.

జూన్, రెండో వారం

ఊరికి వెళ్లాను. ట్రంకు పెట్టె అటక మీదే ఉంది. తీసి చూస్తే పాత దుప్పటి, ఒక బెల్టు, గుడ్డలో కట్టిన మెడల్స్, అడుగున చెదలు పట్టిన డిశ్చార్జి బుక్. అట్ట బాగానే ఉంది. మొదటి పేజీలు, అంటే నంబరు, పేరు, చేరిన తేదీ ఉండాల్సినవి, మట్టయిపోయాయి. మధ్యలో రెండు మూడు పేజీలు సగం సగం మిగిలాయి. ఒకదాని మీద కుటుంబ వివరాలు: భార్య పేరు, ఊరు, తాలూకా గిద్దలూరు, జిల్లా కర్నూలు. ఇంకో పేజీలో మెడల్స్ పేర్లు.

నాన్న ఆ ముక్కల్ని ఊడ్చి పారేయబోయాడు. ఆపి, ప్లాస్టిక్ కవర్లో పెట్టాను. ఎవరింట్లోనైనా ఇలాంటివి దొరికితే ఒక్క ముక్క కూడా పారేయకండి. ఎందుకో ఆగస్టు ఎంట్రీలో రాశాను.

నంబరు లేకపోతే తాత ఎవరో సైన్యానికి తెలియదు. పేరుతో వెతకడం కుదరదు, ఒక్క మా తాలూకాలోనే ఎంతమంది సుబ్బయ్యలో. పాత మనియార్డరు కూపన్లు, ఉత్తరాల కవర్లు ఏమైనా ఉన్నాయేమోనని ఇల్లంతా వెతికాం. ఏవీ లేవు. బాబాయ్‌కి ఫోన్ చేస్తే, "మెడల్ అంచు చూడరా" అన్నాడు.

మన మెడల్స్‌కి ఈ సౌకర్యం ఉంది. ముఖం మీద బొమ్మ అందరికీ ఒకటే, గుండ్రటి అంచు మీద మాత్రం ఆ సైనికుడి నంబరు, ర్యాంకు, పేరు, కోర్ పొడి అక్షరాల్లో ఉంటాయి. తాతవి మూడున్నాయి: 1965 రక్షా మెడల్, 1971 యుద్ధం నాటి సంగ్రామ్ మెడల్, స్వాతంత్ర్యం వచ్చి 25 ఏళ్లయిన సందర్భంగా 1972లో సర్వీసులో ఉన్నవాళ్లందరికీ ఇచ్చిన మెడల్. మూడూ నల్లబడి ఉన్నాయి. అవ్వ చింతపండు తెచ్చింది, ఇత్తడి బిందె తోమినట్టు తోమేద్దామని. వద్దన్నాను. అక్షరాలు ఇప్పటికే పల్చబడి ఉన్నాయి, గట్టిగా తోమితే ఉన్నవి కూడా పోతాయి. మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచి, గది చీకటి చేసి, టార్చి లైటు పక్క నుంచి ఏటవాలుగా పడేలా పెట్టి, ఫోన్ కెమెరాతో దగ్గరగా ఫొటోలు తీశాను. ఎదురుగా లైటు వేస్తే ఏమీ కనపడదు, పక్క నుంచి వేస్తేనే అక్షరాల నీడ పడుతుంది. రక్షా మెడల్ మీద ఒక అంకె చెరిగిపోయింది. సంగ్రామ్ మెడల్ మీద అదే అంకె స్పష్టంగా ఉంది. మూడింటినీ పోల్చి చూసుకుంటే నంబరు పూర్తిగా వచ్చింది.

ర్యాంకు శాపర్. అంటే సైన్యంలో ఇంజనీర్ల దళం సిపాయి. మద్రాస్ ఇంజనీర్ గ్రూప్, మద్రాస్ శాపర్స్ అంటారు, కేంద్రం బెంగళూరులో అలసూరు చెరువు దగ్గర. ఆ గ్రూపు సైనికుల్ని సైన్యంలో తంబీలంటారని బాబాయ్ చెప్పగానే నాన్న నవ్వేశాడు. తాత ఊళ్లో చిన్నోళ్లందర్నీ తంబీ అనే పిలిచేవాడట.

జూన్, చివరి వారం

ఒంగోలు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. మెడల్ ఫొటోలు, చెదలు తినగా మిగిలిన పేజీలు, అవ్వ ఆధార్ తీసుకెళ్లాం. అక్కడి సూపరింటెండెంట్ గారు కూడా మాజీ సైనికుడే. ముక్కల్ని చాలాసేపు చూశారు. డిశ్చార్జి బుక్ పోయినా పాడైనా, దాని బదులు సర్టిఫికెట్ ఇవ్వాల్సింది ఆ రెజిమెంటు రికార్డ్ ఆఫీసే. ఇక్కడి నుంచి సిఫారసు ఉత్తరంతో పంపిస్తారు. మేం ఇవ్వాల్సినవి: అవ్వ వేలిముద్రతో దరఖాస్తు, బుక్ ఎలా పాడైందో నోటరీ అఫిడవిట్, తాత మరణ ధ్రువీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగిలిన పేజీల కాపీలు.

ఏ రికార్డ్ ఆఫీసు ఎక్కడుందో తెలియని వాళ్ల కోసం, నేను రాసుకున్నది ఇక్కడ పెడుతున్నా. మద్రాస్ రెజిమెంట్‌కి నీలగిరుల్లోని వెల్లింగ్టన్. ఆర్టిలరీకి నాసిక్ రోడ్ క్యాంప్. సిగ్నల్స్‌కి జబల్‌పూర్. ఈఎంఈ (మెకానికల్ ఇంజనీర్ల దళం), ఏఓసీ (ఆర్డినెన్స్ కోర్) రెండూ సికింద్రాబాద్‌లోనే. డీఎస్‌సీకి (డిఫెన్స్ సెక్యూరిటీ కోర్) కన్నూర్. నేవీ వాళ్లయితే ముంబైలో బ్యూరో ఆఫ్ సెయిలర్స్, ఎయిర్‌ఫోర్స్ అయితే ఢిల్లీ సుబ్రతో పార్క్.

బయట జిరాక్స్ షాపు దగ్గర ఒకాయన మమ్మల్ని పట్టుకున్నాడు. ఐదు వేలు ఇస్తే పాత బకాయిలతో సహా ఫ్యామిలీ పెన్షన్ పెట్టిస్తానన్నాడు. సిపాయి స్థాయిలో మామూలు సర్వీసు పెన్షన్‌కి కనీసం 15 ఏళ్లు ఉండాలి, తాతకి పదే. కానీ ఆయన ఇంకో మాట వదిలాడు: "రిజర్వ్‌లో పెట్టుంటారు, కలిపితే పదిహేనైతది." నాన్న ఆ మాట పట్టుకున్నాడు.

ఇది ఉత్త మాట కాదు, అదే చిక్కు. ఆ రోజుల్లో చేరినవాళ్లకి కొన్నేళ్లు యూనిట్‌లో ఉద్యోగం, ఆ తర్వాత ఇంటికి పంపినా పిలిస్తే రావాల్సిన రిజర్వ్ కాలం, ఇలా రెండు భాగాలుగా ఒప్పందం ఉండేది. రెండూ కలిపి 15 ఏళ్లు పూర్తయితే రిజర్విస్ట్ పెన్షన్ వస్తుంది. తాతను రిజర్వ్‌లోకి బదిలీ చేశారా, డిశ్చార్జి చేశారా అన్నదాని మీద ఇంటి లెక్క మొత్తం ఆధారపడింది. అది చెప్పాల్సిన పేజీ చెదల పాలైంది. ఏజెంటుకు డబ్బివ్వలేదు. రికార్డ్స్‌కి రాసే ఉత్తరంలోనే ఒక వాక్యం చేర్చాం: డిశ్చార్జికి కారణం, రిజర్వ్ సర్వీసు ఉంటే దాని వివరం కూడా తెలియజేయమని.

జులై

ఈ నెలంతా మరణ ధ్రువీకరణ పత్రానికే పోయింది. సైన్యంతో దీనికి ఏ సంబంధమూ లేదు, కానీ ఇది లేకపోతే బండి కదలదు. 2009లో తాత ఇంట్లోనే పోయాడు, ఎవరూ నమోదు చేయించలేదు. మరణం జరిగి ఏడాది దాటితే పంచాయతీలో రాయించుకోవడం కుదరదు. ఇదివరకు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ ఆర్డరు కావాల్సి వచ్చేది. 2023 సవరణ తర్వాత కలెక్టరు గానీ, ఆర్డీవో గానీ, కలెక్టరు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ గానీ ఇవ్వొచ్చు. ముందు పంచాయతీ నుంచి రిజిస్టర్‌లో ఎంట్రీ లేదని సర్టిఫికెట్, తర్వాత సచివాలయంలో దరఖాస్తు, వీఆర్వో విచారణ, సాక్షుల వాంగ్మూలం, ఆర్డీవో ఆర్డరు, మళ్లీ పంచాయతీలో నమోదు. కర్మకాండల కార్డు ఒకటి పక్కింటి వాళ్ల దగ్గర దొరికింది, తేదీకి అదే ఆధారమైంది.

ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కూడా తహసీల్దార్ ఆఫీసులో ఇదే ఊపులో పెట్టేశాం. అది తొందరగానే వచ్చింది.

ఆగస్టు

నెల మొదట్లో అన్నీ కలిపి బెంగళూరుకు వెళ్లాయి. నెలాఖరుకు జవాబు.

ఉత్తరంలో మొదటి పేరా చదవగానే నాన్న ముఖం వాడిపోయింది. పెన్షన్ లేకుండా వెళ్లిన సైనికుల సర్వీసు ఫైళ్లను 25 ఏళ్ల వరకే ఉంచుతారు, ఆ తర్వాత నిబంధనల ప్రకారం నాశనం చేస్తారు. తాత ఫైలు గడువు 1998తోనే ముగిసింది. ఇప్పుడు షీట్ రోల్ అనే సర్వీసు రికార్డు లేదు, పెళ్లి నమోదు చేసిన పార్ట్-2 ఆర్డరూ లేదు.

రెండో పేరాలో అసలు విషయం ఉంది. ఫైలు పోయినా లాంగ్ రోల్ ఉంటుంది. చేరిన ప్రతి సైనికుడికీ ఒక్కో వరసలో వివరాలు రాసిపెట్టే పెద్ద రిజిస్టరు అది, దాన్ని నాశనం చేయరు. నంబరు ఉంటే అందులో చూడగలరు. మెడల్ అంచు మీది నంబరు అక్కడ సరిగ్గా కలిసింది. పేరు, తండ్రి పేరు, చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ, కారణం ఉన్నాయి. పోయిన బుక్ బదులుగా ఆ వివరాలతో సర్టిఫికెట్ జతచేశారు.

కారణం: సొంత అభ్యర్థన మీద, కుటుంబ పరిస్థితుల దృష్ట్యా డిశ్చార్జి. రిజర్వ్‌లోకి బదిలీ కాలేదు. అంటే రిజర్విస్ట్ పెన్షన్ ఆశ అక్కడితో ముగిసింది. నాన్నకు బాధ కలిగింది, కానీ ఇంకో సంగతి కూడా తేలింది. తాతను సైన్యం పంపించేసిందని ఊళ్లో ఒక మాట ఉండేది, ఏదో గొడవ జరిగిందని. అవ్వ ఎప్పుడూ దానికి జవాబు చెప్పేది కాదు. ఇప్పుడు సర్టిఫికెట్ చదివి వినిపిస్తే, "మీ ముత్తాత మంచాన పడ్డాడు. సేద్యం చూసే మొగోడు లేడు. నేనే ఉత్తరం రాయించినా రమ్మని" అంది. ఆమె ఉత్తరంతోనే ఆయన తిరిగొచ్చాడన్నమాట. ఈ మాట ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదవ్వా అంటే, "ఎవురడిగినారు?" అంది.

కారణం వివరం ఎందుకు ముఖ్యమంటే, మాజీ సైనికుడనే నిర్వచనం డిశ్చార్జి తేదీని బట్టి, వెళ్లిన తీరును బట్టి మారుతుంది. 1979 జులై 1, 1987 జులై 1 లాంటి తేదీలకు అటూ ఇటూ నియమాలు వేరు. క్రమశిక్షణ చర్య మీద వెళ్లినవాళ్ల సంగతి వేరే. సొంతంగా అడిగి వెళ్లిన వాళ్లకి ఎన్నేళ్ల సర్వీసుందన్నది చూస్తారు. తాతకు పదేళ్లు కాబట్టి ఇబ్బంది లేదని ఒంగోలులో చెప్పారు. మీ ఇంట్లో కాగితాలుంటే ముందు డిశ్చార్జి కారణం రాసిన వరస చదవండి, మెడల్స్ లిస్టు తర్వాత చూడొచ్చు.

లాంగ్ రోల్‌లో లేనిది ఒక్కటే: భార్య పేరు. తాత మాజీ సైనికుడని రుజువైంది. అవ్వ ఆయన భార్య అని సైన్యం కాగితాల్లో చెప్పేది ప్రపంచంలో ఒక్కటే మిగిలింది, ప్లాస్టిక్ కవర్లోని ఆ చెదల ముక్క.

సెప్టెంబరు

పేర్ల నెల. చెదల ముక్క మీద ఇంగ్లీషులో లక్ష్మీదేవి. ఆధార్‌లో లక్ష్మమ్మ. రేషన్ కార్డులో ఇంటి పేరుతో కలిపి లక్ష్మమ్మ. తాత సైన్యంలో ఉత్త సుబ్బయ్య, ఇక్కడ వెంకట సుబ్బయ్య. రిక్రూటింగ్ దగ్గర రాసుకున్నవాడు తెలుగువాడు కాకపోతే ఇంటి పేరు సగం మందికి ఎగిరిపోయేదని బాబాయ్ అంటాడు.

పైగా జిల్లా. సైన్యం కాగితంలో కర్నూలు, మిగతా అన్నిట్లో ప్రకాశం. ఊరు మారలేదు, జిల్లాయే మారింది. 1970 ఫిబ్రవరిలో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి కొన్ని తాలూకాలు తీసి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. మా గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చిందే. తాత చేరేటప్పుడు రాసిందే చివరిదాకా ఉండిపోయింది. ఈ సెప్టెంబరుకి మార్కాపురం జిల్లా ఇంకా మాటల్లోనే ఉంది. అదీ వస్తే అవ్వ కాపురం మూడు జిల్లాల్లో జరిగినట్టు.

దీనికి దగ్గరి దారులు లేవు. రెండు పేర్లూ ఒకే మనిషివని అవ్వ అఫిడవిట్, తాత పేరు మీద ఇంకొకటి, పాత కర్నూలు జిల్లా గిద్దలూరు తాలూకాలోని ఫలానా ఊరే ఇప్పటి ఈ ఊరని తహసీల్దార్ ధ్రువీకరణ. నోటరీ దగ్గర రాయించేటప్పుడు ప్రతి పేరునూ ఆయా కాగితంలో ఉన్న స్పెల్లింగుతోనే, ఏ కాగితమో పేర్కొంటూ రాయించాను. "లక్ష్మీదేవి అలియాస్ లక్ష్మమ్మ" అని ఊరికే రాస్తే ఏ పేరు ఎక్కడుందో చూసేవాళ్లకి అర్థం కాదు. ఆధార్‌ను మార్చి సైన్యం పేరుకు తేవాలని మా చిన్నాన్న సలహా. నాకు అది నచ్చలేదు. ఆధార్ మారిస్తే బ్యాంకు, రేషన్, పింఛను, పొలం పాస్‌బుక్ అన్నీ కదులుతాయి. 78 ఏళ్ల మనిషికి పేరు మార్చడం కంటే రెండు పేర్లకీ వంతెన కాగితం ఒకటి వేయడమే మేలు.

నెలాఖరుకు కార్డు చేతికొచ్చింది. మాజీ సైనికుడి భార్య అని అవ్వ ఫొటోతో.

కార్డు వార్త ఊళ్లో తెలియగానే ప్రశ్నలు మొదలయ్యాయి. మిలటరీ ఆసుపత్రి ఫ్రీనా? మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్, పెన్షన్ ఉన్న సిపాయిల కుటుంబాలకే, అవ్వకు రాదు. మా తమ్ముడికి ఇంజనీరింగ్‌లో మిలటరీ కోటా? ఆ కోటా సైనికుల పిల్లలకి, మనవలకి కాదు. వాడు రెండ్రోజులు అలిగాడు.

అక్టోబరు

ఇప్పుడు లెక్క. అవ్వకు ఇప్పటికే రాష్ట్రం నుంచి ఎన్టీఆర్ భరోసా పింఛను నెలకు 4,000 వస్తోంది. సచివాలయం వాళ్లు ఒకటో తారీఖున ఇంటికొచ్చి చేతిలో పెడతారు. పెన్యూరీ గ్రాంటు దరఖాస్తులో వేరే ప్రభుత్వ సాయం ఏమైనా అందుతోందా అన్న విషయం తేలాలి. ఇదీ అదీ రెండూ పెట్టుకుందామంటే కుదరదని ఒంగోలులో ముందే చెప్పారు. అప్పుడు 4,000 వదులుకుని 4,000 తెచ్చుకోవడం ఏం పని? నాన్న సరిగ్గా ఇదే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. కార్డుతో ఆపేద్దామా అనుకున్నాం.

నెల మధ్యలో బాబాయ్ ఫోన్. రక్షణ శాఖ మూడు గ్రాంట్లను రెట్టింపు చేసింది. పెన్యూరీ 4,000 నుంచి 8,000. పిల్లల చదువు సాయం నెలకు వెయ్యి నుంచి రెండు వేలు, పెళ్లి సాయం 50 వేల నుంచి లక్ష. ఒక షరతు: కొత్త రేట్లు నవంబరు 1 నుంచి పెట్టే దరఖాస్తులకు. 2017 నుంచి 4,000 దగ్గరే ఉన్న మొత్తం మేం కాగితాలు సిద్ధం చేసుకున్న నెలలోనే పెరిగింది. ముందే పెట్టేద్దామని తొందరపడిన చిన్నాన్నను ఆపాం.

అవ్వ మాత్రం ఒప్పుకోలేదు. "ఒకటో తారీకు ఇంటికాడికొచ్చి ఇచ్చేది ఇడిసిపెట్టి, ఢిల్లీ నుంచి ఎప్పుడొస్తాదో తెలీని దానికి పోతానా?" ఆమె మాటలో న్యాయం ఉంది. చేతికందే డబ్బుకూ బ్యాంకులో పడే డబ్బుకూ ఆ వయసులో తేడా ఉంటుంది. బ్యాంకుకు పోవాలంటే ఎవరో ఒకరు బండి మీద తీసుకెళ్లాలి. ఏటా బతికున్నట్టు సర్టిఫికెట్ కూడా ఇవ్వాలి. నేను 8,000, 4,000 పక్కపక్కన రాసి చూపించాను, ఆమె కాగితం వైపు చూడలేదు. చివరికి ఒప్పించింది మా అమ్మ: "ఇది మామ సంపాయించిన డబ్బు అత్తా. అది అందరికీ ఇచ్చేది." దానికి అవ్వ ఏమీ అనలేదు, మర్నాడు పొద్దున్నే నా దగ్గరికొచ్చి "ఏలిముద్ర యాడెయ్యాల?" అని అడిగింది.

నవంబరు

మొదటి వారంలోనే సైనిక్ బోర్డు సైట్‌లో దరఖాస్తు పెట్టాం. రికార్డ్స్ ఇచ్చిన సర్టిఫికెట్, కార్డు, వయసు రుజువు, బ్యాంకు పాస్‌బుక్, అఫిడవిట్లు, చెదల పేజీ స్కాన్. చెదల పేజీని నల్ల కాగితం మీద పెట్టి స్కాన్ చేస్తే అంచులు తెలిసాయి, తెల్ల కాగితం మీద చిరుగులూ అక్షరాలూ కలిసిపోయాయి. ఫైలు సైజు తగ్గించేటప్పుడు భార్య పేరున్న భాగం చదవగలిగేలా ఉందో లేదో పెద్దది చేసి చూసుకోవాలి.

రాష్ట్ర పింఛను సంగతి దాచలేదు, ఉన్నదున్నట్టు చెప్పాం. గ్రాంటు మంజూరైన నెలలో సచివాలయంలో రాసిచ్చి దాన్ని ఆపించుకోవాలని నిర్ణయం. అంతదాకా ఇది వస్తూనే ఉంటుంది కాబట్టి అవ్వకు టెన్షన్ లేదు.

అసలు కాగితాలతో ఒంగోలులో సరిచూడడం అయిపోయింది. అక్కడి సిఫారసుతో దరఖాస్తు పైకి వెళ్లింది. మంజూరు ఇంకా రాలేదు. ఈలోగా ఊళ్లో మరో ఇద్దరు ట్రంకు పెట్టెలు దించారు. ఒకాయన తండ్రి సిగ్నల్స్‌లో చేశాడట, డిశ్చార్జి బుక్ చెక్కుచెదరకుండా ఉంది, తల్లి బతికే ఉంది, వయసు 70. వాళ్ల పని సంక్రాంతి లోపే పెట్టేయొచ్చు. రెండో వాళ్లకి మెడల్ ఒకటే ఉంది, అంచు బాగా అరిగింది. ఆదివారం టార్చి తీసుకుని వెళ్తున్నా.